జిల్లా పేజీలోకి పార్టీ వచ్చి కూర్చున్నాక

2019 ఎన్నికల్లో ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని పది అసెంబ్లీ స్థానాలనూ వైఎస్సార్ కాంగ్రెస్ గెలుచుకుంది. 2024లో ఆ పదింటినీ తెలుగుదేశం గెలుచుకుంది. ప్రభంజనమనీ, అవతలి పార్టీ తుడిచిపెట్టుకుపోయిందనీ రెండుసార్లూ విన్నాం, చదివాం. ఓట్ల లెక్క మాత్రం వేరే సంగతి చెబుతుంది. 2019లో ఓడిన తెలుగుదేశానికి రాష్ట్రం మొత్తం మీద 39.17 శాతం ఓట్లు వచ్చాయి. 2024లో ఓడిన వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39.37 శాతం వచ్చాయి. అంటే ఎవరు గెలిచినా, ఓటు వేసిన ప్రతి ఐదుగురిలో ఇంచుమించు ఇద్దరు ఓడిన పక్షాన ఉన్నవాళ్లే. ఆ ఇద్దరూ ఎక్కడికీ పోలేదు. మన వీధిలోనే ఉన్నారు, మన పక్క చేను దున్నుకుంటున్నారు, మన పిల్లలు చదివే బడికే వాళ్ల పిల్లలూ వస్తున్నారు. వాళ్లు లేనట్టుగా, ఉన్నా పగవాళ్లయినట్టుగా మన చేత అనుకునేలా చేస్తున్నదేమిటన్నది కొన్నేళ్లుగా నన్ను వదలని ప్రశ్న.

ఈ చీలిక సిద్ధాంతాల చీలిక కాదన్నది ముందుగా ఒప్పుకోవాలి. ఒక ప్రభుత్వం అమ్మ ఒడి అన్నది, తరవాతి ప్రభుత్వం తల్లికి వందనం అన్నది. బడికి పోయే బిడ్డ పేరు మీద తల్లి ఖాతాలో సొమ్ము వేయడమే రెండింటిలోనూ ఉన్న పని. ఎందరు బిడ్డలకు, కోతలు ఎంత అన్న తేడాలు నిజమే గాని, ఆ తేడాల కోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేయరు. నాయకుల సంగతైతే చెప్పనే అక్కరలేదు. 2023 మార్చిలో ఎమ్మెల్సీ ఎన్నికల ఓటింగ్ తరవాత వైఎస్సార్ కాంగ్రెస్ సస్పెండ్ చేసిన నలుగురు ఎమ్మెల్యేల్లో ముగ్గురు, అంటే ఆనం రామనారాయణరెడ్డి, కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి, మేకపాటి చంద్రశేఖర్‌రెడ్డి, మా జిల్లా వాళ్లే. వారిలో మొదటి ఇద్దరు మరుసటి ఏడాది తెలుగుదేశం తరఫున గెలిచి మళ్లీ అసెంబ్లీకి వెళ్లారు. నాయకుడు ఇటు నుంచి అటు వెళ్లినప్పుడు రెండు వైపుల పత్రికల్లోనూ ఆయనకు వాడే విశేషణాలు మారిపోతాయి. నిన్నటిదాకా ఆయన కోసం ఊళ్లో తగవులు పడిన మనిషికి మాత్రం అంత సులువుగా వెళ్లే దారి ఉండదు. ఆ తగవులో పోగొట్టుకున్న స్నేహం ఏ కండువా కప్పినా తిరిగి రాదు. విధానాల మీద పెద్ద అభిప్రాయభేదం లేకుండానే మనుషుల మీద ద్వేషం పెరగడాన్ని రాజనీతి శాస్త్రజ్ఞులు ప్రత్యేకంగా అధ్యయనం చేస్తున్నారు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉన్నది ఆ రకమే.

దీనికి మీడియాయే కారణం అని అందరూ అంటారు. ఆ మాట అనేటప్పుడు ప్రతివాడి ఉద్దేశంలోనూ ఉండేది ఎదుటివాడి మీడియా. ఒకరికి అది పచ్చ మీడియా, మరొకరికి నీలి మీడియా. సంపాదకీయాలు, రాత్రి తొమ్మిది గంటల చర్చలు, ముఖ్యమంత్రిని దేవుడనో దయ్యమనో వర్ణించే మొదటి పేజీలు మనల్ని చీల్చాయని సాధారణంగా అనుకుంటారు. నా అభిప్రాయం వేరు. సంపాదకీయం ఎవరిదో, ఎందుకో పాఠకుడికి తెలుసు. కావలసినంత తీసుకుని తక్కినది పక్కన పెట్టగల నేర్పు మన వాళ్లకు ఎప్పటినుంచో ఉంది. అసలు నష్టం లోపలి పేజీల్లో, మన ఊరి వార్తలు వచ్చే జిల్లా పేజీల్లో జరిగింది. మన ఊరి సంగతి పార్టీ సంగతిగా మారిన చోట, ఊరు అనే ఉమ్మడి విషయమే లేకుండా పోయింది.

మా కందుకూరు సంగతే చెబుతాను. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి అటు వెళ్లి, 2022లో మళ్లీ నెల్లూరులో కలిసిన ప్రాంతం ఇది. ఆ ఏడాది డిసెంబరు 28 సాయంత్రం అప్పటి ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నాయుడు రోడ్ షోలో తొక్కిసలాట జరిగి ఎనిమిది మంది చనిపోయారు. రద్దీలో కొందరు పక్కనున్న కాలవలో పడిపోయారు. ఊరు ఊరంతా ఆ రాత్రి ఆస్పత్రి చుట్టూ తిరిగింది. చనిపోయినవాళ్లు ఎవరికో ఒకరికి చుట్టాలు, ఎవరికో ఒకరికి తెలిసినవాళ్లు. ఇలాంటిది జరిగిన ఊరికి మర్నాటి పత్రిక నుంచి కావలసింది ఏమిటి? ఆ కూడలిలో రోడ్డు వెడల్పు ఎంత, కాలవకు అడ్డుగోడ ఎందుకు లేదు, వాహనం ఆగే చోటును ఎవరు నిర్ణయించారు, ఎవరు ఒప్పుకున్నారు, ఎంతమంది పోలీసులను వేశారు, మొదటి అంబులెన్సు ఎంత సేపటికి వచ్చింది, రేపు ఇదే చోట ఇంకొక పార్టీ సభ పెడితే ఏం చేయాలి. ఇవి ఏ పార్టీకీ చెందని ప్రశ్నలు. వీటికి సమాధానాలు దొరికితే రేపు బతికేది రెండు పార్టీల వాళ్లూ.

వాటికి బదులు రెండు కథలు వచ్చాయి. జనం ఎక్కువగా కనిపించాలని, డ్రోన్ కెమెరా కోసం ఇరుకు సందులోకి తీసుకుపోయారన్నది ఒక కథ. అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి రెండు రోజుల తరవాత బహిరంగ సభలో అన్నది కూడా ఇదే. ప్రభుత్వం కావాలనే బందోబస్తు తగ్గించిందన్నది ఇంకొక కథ. రెండింటిలోనూ విచారించదగ్గ విషయం ఉంది. విచారణ జరగకముందే తీర్పులు వచ్చేశాయి. 2023 జనవరి మొదట్లో రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ జీవో నంబరు 1 రావడం, మే నెలలో హైకోర్టు దాన్ని కొట్టివేయడం జరిగాక, కందుకూరు అనే పేరు పూర్తిగా ఆ జీవో తగాదాలో ఒక వాదనగా మారిపోయింది. ఆ రోజుల్లో ఊళ్లో నేను విన్న మాటలు నన్ను ఇప్పటికీ బాధపెడతాయి. శవం లేచిన ఇంటి ముందు నిలబడి మనవాళ్లు మాట్లాడుకున్నది పోయినవాళ్ల గురించి కాదు, తప్పు ఎవరిదన్నదాని గురించి. ఎవరు ఏమంటారో, ఆ మాట నోటికి రాకముందే, వాళ్ల ఇంట్లో పడే పత్రికను బట్టి చెప్పగలిగేలా ఉంది. పరామర్శకు వచ్చిన మనుషులు కూడా రెండు గుంపులుగా నిలబడ్డారు.

జిల్లా పేజీ మొదటినుంచీ ఇలా లేదు. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలను తెచ్చినప్పుడు, తెలుగు పల్లెకు అదొక పెద్ద మార్పు. అంతవరకు పత్రికలో ఊరి పేరు కనపడాలంటే అక్కడ హత్యో, వరదో, మంత్రి రాకో ఉండాలి. ఇప్పుడు చెరువు తూము విరిగినా వార్తే, బడికి మాస్టారు రాకపోయినా వార్తే. మా టీ అంగడిలో పొద్దున్నే పత్రికను పేజీలుగా విడదీసి పంచుకునేవాళ్లు. పెద్ద పేపరు పెద్దవాళ్ల చేతికి పోయేది. జిల్లా వార్తలుండే చిన్న పేపరు కోసం పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కు పోవలసిన కూలీలు, బస్సు కోసం వచ్చిన కాలేజీ పిల్లలు ఎగబడేవాళ్లు. చదవడం రాని మనిషి పక్కవాణ్ని "మనూరిది ఏమన్నా పడిందా అబ్బయా?" అని అడిగేవాడు. ఏ పార్టీవాడైనా అడిగేది ఆ ప్రశ్నే.

ఆ పేజీకి ఎంత బలం ఉందో నెల్లూరు జిల్లాయే దేశానికి చూపించింది. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా అంగడిని ఊళ్లోంచి వెళ్లగొట్టారు. అక్షరాస్యత తరగతుల్లో వాచకం ద్వారా ఆ కథ ఊరూరా చేరింది. 1992లో సారా వేలంపాటలు సాగకుండా ఆడవాళ్లు అడ్డుకున్నారు. ఈనాడు ఆ ఉద్యమానికి రోజూ ప్రత్యేకంగా చోటు ఇచ్చింది. ఒక ఊరి ఆడవాళ్లు చేసింది మర్నాడు పక్క మండలం ఆడవాళ్లు చదివారు, లేదా చదివించుకుని విన్నారు, ఆ వెంటనే తమ ఊళ్లో మొదలుపెట్టారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం అమలు చేసింది. 1997లో దాన్ని సడలించారు.

ఆ పత్రికకు అప్పటి కాంగ్రెస్ ప్రభుత్వం మీద సదభిప్రాయం లేదని, ఉద్యమం వల్ల రాజకీయ లాభం ఎవరికి కలిగిందో అందరికీ తెలుసని ఎవరైనా అంటే కాదనను. నేను చెప్పేది దానికంటే చిన్న విషయం, నా దృష్టిలో దానికంటే ముఖ్యమైనది. వార్త దూబగుంటలో పుట్టింది, పార్టీ ఆఫీసులో కాదు. సారా అంగడి ముందు కూర్చున్న ఆడవాళ్లలో కాంగ్రెస్ ఇళ్లవాళ్లూ ఉన్నారు, తెలుగుదేశం ఇళ్లవాళ్లూ ఉన్నారు, కమ్యూనిస్టు ఇళ్లవాళ్లూ ఉన్నారు. తాగివచ్చిన మగవాడి చేతి దెబ్బకు పార్టీ లేదు గనక, ఆ వార్తకూ పార్టీ లేదు. పత్రిక యజమాని మొగ్గు ఎటున్నా, ఊరి నుంచి వచ్చిన వార్త ఊరివాళ్లను కలపగలదు. పార్టీ నుంచి ఊరికి పంపిన వార్త విడదీస్తుంది.

ఈ దిశ ఎప్పుడు తిరగబడిందో చెప్పడానికి ఒక తేదీ చాలదు. వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా ఈనాడు, ఆంధ్రజ్యోతులను ఉద్దేశించి "ఆ రెండు పత్రికలు" అని మాటిమాటికీ అనేవారు. 2008 మార్చి 24న ఆయన కుమారుడి ఆధ్వర్యంలో సాక్షి మొదలైంది. రెండో వైపు వినిపించాలన్న కోరికలో తప్పేమీ లేదు. ఒకే గొంతు వినిపించే రాష్ట్రం కన్నా అది మేలే. రెండో వైపు రావడంతో మొదటి వైపు సర్దుకుంటుందని, పోటీలో నిజం బయటపడుతుందని చాలామంది ఆశపడ్డారు. జరిగింది అది కాదు. రెండు వైపులా తమ తమ పాఠకులను గట్టిగా పట్టుకోవడమే పనిగా పెట్టుకున్నాయి. పత్రిక ఏది చదువుతామన్నది పార్టీకి, చాలా ఊళ్లలో కులానికి కూడా, గుర్తయి కూర్చుంది. బస్టాండులో నా చేతిలోని పత్రిక చూసి "ఏంది మాస్టారూ, మీరు గూడా ఆ పేపరేనా?" అని తెలిసినవాళ్లు అడిగినప్పుడు, అది పేపరు గురించిన ప్రశ్న కాదని నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు.

ప్రభుత్వాలు ఇందులో తమ చేయి తాము వేశాయి. 2019లో ప్రభుత్వం మారాక ఏబీఎన్, టీవీ5 చాలాచోట్ల కేబుల్‌లో రాలేదు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక సాక్షి టీవీ, టీవీ9, ఎన్టీవీ ఆగిపోయాయి. 2022లో గ్రామ, వార్డు వలంటీర్లకు పత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు ప్రభుత్వ సొమ్ము ఇచ్చారు. అది ఒక పత్రిక కోసమేనంటూ వచ్చిన వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అధికారం మారినప్పుడల్లా ఇంట్లో కనిపించే చానల్ కూడా మారే చోట, వార్తను యుద్ధంలో దొరికిన సొమ్ములా జనం చూడడంలో ఆశ్చర్యం లేదు.

వెలిగొండ ప్రాజెక్టు గురించి వచ్చే వార్తలను ఎవరైనా వరసగా చదివితే నేను చెప్పేది తేటగా కనిపిస్తుంది. శ్రీశైలం జలాశయం నుంచి వరద రోజుల్లో 43.5 టీఎంసీల నీటిని నల్లమల కింద సొరంగాల ద్వారా మార్కాపురం, యర్రగొండపాలెం, కనిగిరి మెట్ట ప్రాంతాలకు, కొంత నెల్లూరు, కడప జిల్లాలకు తీసుకురావాలన్నది సంకల్పం. ఫ్లోరైడ్ నీటితో ఎముకలు వంకరపోయిన మనుషులున్న ప్రాంతం అది. 1996లో శంకుస్థాపన జరిగింది. ఒక్కొక్కటి 18 కిలోమీటర్ల పైచిలుకు పొడవున్న రెండు సొరంగాల్లో మొదటిది 2021లో, రెండోది 2024 జనవరిలో తవ్వడం పూర్తయింది. 2024 మార్చి 6న ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. దశాబ్దాల కల నెరవేరిందని ఒక వైపు రాశారు. నీళ్లు రాని ప్రాజెక్టుకు ప్రారంభోత్సవమని మరో వైపు రాశారు. సొరంగం తవ్వడం అయిందన్నది నిజం, నీళ్లు రావన్నదీ నిజం. ముంపు గ్రామాల నిర్వాసితులకు పరిహారం, పునరావాసం అప్పటికి పూర్తికాలేదు. వాళ్లను ఖాళీ చేయించకుండా ప్రాజెక్టు జలాశయమైన నల్లమల సాగర్‌లో నీళ్లు నిలపలేరు. సొరంగాల నుంచి ఆ జలాశయానికి నీళ్లు తెచ్చే ఫీడర్ కాలవ పనులూ అప్పటికి మిగిలే ఉన్నాయి. ప్రభుత్వం మారగానే రెండు వైపుల పాత్రలూ తారుమారయ్యాయి. నిన్న నీళ్లేవని అడిగినవాళ్లు నేడు పనులు పరుగులు తీస్తున్నాయని రాస్తున్నారు, నిన్న కల నెరవేరిందన్నవాళ్లు నేడు జాప్యం ఎందుకని అడుగుతున్నారు.

దీని ఫలితం పాఠకుడి మీద ఎలా ఉంటుందో ఆలోచించండి. కనిగిరిలోని ఒక రైతుకు వెలిగొండ నీళ్లు రావాలన్నది పార్టీతో పనిలేని కోరిక. పక్క చేను రైతుకూ అదే కోరిక. ఇద్దరూ కలిసి పోయి ఇంకా ఎన్ని కుటుంబాలకు సొమ్ము అందాలి, ఎన్ని కిలోమీటర్ల కాలవ మిగిలింది, ఈ ఏడాది బడ్జెట్లో ఇచ్చినదెంత, ఖర్చయినదెంత అని అడగవలసినవాళ్లు. ఆ లెక్కలు వార్తల్లో ఎప్పుడన్నా కనిపించినా, ఎదుటివాణ్ని కొట్టడానికి పనికొచ్చే మేరకే కనిపిస్తాయి. అందువల్ల ఒక రైతు ప్రాజెక్టు అయిపోయిందని వాదిస్తాడు, మరొకడు అసలు ఏమీ జరగలేదని వాదిస్తాడు. నీళ్లు మాత్రం ఇద్దరికీ లేవు. 2025 జూన్ 11న పొదిలిలోనూ ఇదే చూశాను. పొగాకు ధర పడిపోయి రైతులు గోల పెడుతున్న రోజుల్లో జగన్‌మోహన్‌రెడ్డి వేలం కేంద్రానికి వచ్చారు. ఒక టీవీ చర్చలో అమరావతి మహిళల గురించి దొర్లిన మాటలపై నిరసన అక్కడ ఎదురైంది, రాళ్లు పడ్డాయి. రాళ్లు ఎవరు వేశారన్నదే ఆ రోజు టీవీల నిండా ఉంది. అమ్ముడుపోని పొగాకు చెక్కులు, అంటే బేళ్లు, వెనక్కి తీసుకుపోయిన రైతు ఎక్కడా కనిపించలేదు.

రెండు పత్రికలూ చదవండి, నిజం మధ్యలో దొరుకుతుంది అని చాలామంది సలహా ఇస్తారు. మంచి మాటే గాని, చాలదు. 1982లో బీరూట్‌లో జరిగిన ఊచకోత గురించిన టీవీ వార్తలను అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులకు చూపించారు. ఇజ్రాయెల్ పక్షంవాళ్లు, అరబ్బుల పక్షంవాళ్లు కూడా అవే వార్తలు చూసి, అవి తమకు వ్యతిరేకంగా ఉన్నాయనే చెప్పారు. 1985లో ప్రచురించిన ఈ అధ్యయనం చదివితే మన వీధి అరుగులు గుర్తొస్తాయి. 2020 సెప్టెంబరులో ఇద్దరు పరిశోధకులు అమెరికాలో రిపబ్లికన్ పార్టీ వైపు మొగ్గే ఫాక్స్ న్యూస్ చానల్ చూసే కొందరికి గంటకు 15 డాలర్లు ఇచ్చి, దాదాపు నెల రోజులు అవతలి పక్షంవాళ్లు చూసే సీఎన్ఎన్ చూపించారు. ఫాక్స్ చెప్పని విషయాలు వాళ్లకు తెలిశాయి, కొన్ని అభిప్రాయాలు కొంత మారాయి. సొమ్ము ఆగాక పాత చానల్‌కే వెళ్లారు, మార్పు చాలావరకు చెరిగిపోయింది. తమ వైపు చానల్ ఏం చెబుతుందన్నదే కాదు, ఏం చెప్పకుండా వదిలేస్తుందన్నదీ మనుషులను మలుస్తుందని దాంతో రుజువైంది.

నాకు ఎక్కువ ఆశ కలిగించింది వేరొక అధ్యయనం. కాలిఫోర్నియాలోని పామ్ స్ప్రింగ్స్ పట్నంలో డెజర్ట్ సన్ అనే స్థానిక పత్రిక 2019 జులై నెలంతా తన అభిప్రాయాల పేజీలో దేశ రాజకీయాలు ఆపేసి, ఆ ఊరి విషయాలకే చోటిచ్చింది. ట్రాఫిక్, పర్యావరణం, ఊరి కట్టడాలు, ఇలాంటివే. అలాంటి ప్రయత్నం చేయని మరో పట్నంతో పోల్చి చూస్తే, అవతలి పార్టీవాళ్ల మీద విముఖత పెరిగే వేగం ఇక్కడ తగ్గింది. మాయమేమీ కాలేదు, తగ్గింది. అదే పరిశోధకులు అంతకుముందు, స్థానిక పత్రిక మూతపడిన ప్రాంతాల్లో జనం వేర్వేరు పదవులకూ ఒకే పార్టీకి ఓటు వేయడం కొంత పెరిగిందని కూడా చూపించారు. మనకు స్థానిక పేజీలు మూతపడలేదు. ఉన్నవాటి లోపలే ఊరు మూతపడింది.

నా వాదనకు ఎదురు వచ్చే మాట ఒకటి ఉంది: పార్టీ రంగు పులమకపోతే జనం చదవరు, పాఠకులకు కావలసిందే పత్రికలు ఇస్తున్నాయి అని. అమెరికా పత్రికల మీద జరిగిన ఒక పరిశోధనలో పత్రిక మొగ్గు యజమాని ఇష్టం కన్నా పాఠకుల ఇష్టాన్నే ఎక్కువగా అనుసరిస్తుందని తేలింది కూడా. మన దగ్గర యజమానికీ పార్టీకీ ఉన్న బంధం బట్టబయలు గనక, ఆ మాట ఇక్కడ పూర్తిగా నిలుస్తుందని నేను నమ్మను. మన జిల్లా పేజీల్లో తప్పించుకోలేని కారణం ఇంకొకటుంది, అది మండల విలేకరి బతుకు. చాలామంది కంట్రిబ్యూటర్లకు జీతం లేదు, పడిన వార్త కొలతను బట్టి వచ్చే చిన్న మొత్తమే ఆధారం. పైగా కొత్త సంవత్సరానికి, ఆగస్టు పదిహేనుకు, నాయకుడి పుట్టినరోజుకు ప్రకటనలు తెచ్చే లక్ష్యం వాళ్ల నెత్తినే ఉంటుంది. ప్రకటన ఇచ్చేది ఆ మండలంలో పార్టీ నాయకుడు, గుత్తేదారు, చాలాసార్లు ఇద్దరూ ఒకరే. ఆయన వేసిన రోడ్డు ఆరు నెలల్లో గుంటలు పడితే, ఆ వార్తను ఎదుటి పత్రిక విలేకరి మాత్రమే రాయగలడు. అప్పుడది రోడ్డు వార్తగా కాక ఎదుటి పార్టీ ఆరోపణగా చదవబడుతుంది. 2009 ఎన్నికల తరవాత డబ్బు పుచ్చుకుని రాసే వార్తల మీద ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం వేసి విచారించింది. అందులో ఆంధ్రప్రదేశ్ అనుభవాలకు పెద్ద చోటే దక్కింది. ఆ తరవాత జిల్లా స్థాయిలో మారినది నాకు కనపడలేదు.

అందుకని నేను అడిగేది పెద్ద పత్రికలు తటస్థంగా మారాలని కాదు. మొదటి పేజీ వాళ్లదే, సంపాదకీయం వాళ్లదే, ముఖ్యమంత్రి గురించి వాళ్ల ఇష్టం వచ్చినట్టు రాసుకోవచ్చు. జిల్లా పేజీని వదిలేయండి అంటున్నాను. వెలిగొండ నిర్వాసితుల్లో సొమ్ము అందనివాళ్లు ఇంకా ఎందరో నెలనెలా ఒకే చోట, ఒకే పద్ధతిలో వేయండి. ప్రభుత్వం మారినా ఆ లెక్క ఆపకండి. పొగాకు వేలం కేంద్రాల్లో ఆ రోజు ఎన్ని చెక్కులు వచ్చాయో, ఎన్ని వెనక్కి పోయాయో, రొయ్య కౌంట్ ధర ఎంతుందో, సోమశిల జలాశయంలో నీళ్లెన్ని, ఏ కాలవకు ఎన్ని వదిలారో రాయండి. కందుకూరు కూడలిలో ఆ కాలవ పక్కన ఇప్పుడు అడ్డుగోడ ఉందో లేదో ఒక విలేకరిని పంపి చూడండి. ఆ విలేకరికి నెలకు ఇంత అని జీతం ఇచ్చి, ప్రకటనల లక్ష్యం ఆయన నెత్తి మీంచి తీసేయండి. పత్రిక వెల ఆ మేరకు పెంచితే ఇవ్వడానికి నేను సిద్ధం, నా తోటి పాఠకుల్లో సిద్ధపడేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు రెండు పార్టీల్లోనూ ఉన్నారు.